పచ్చదీపం పడితే ఆగాలి

సంచి సర్దడం అక్కకి అది మూడోసారి. రెండుసార్లు సర్ది, ఏదో మరిచిపోయానేమో అనిపించి, మళ్ళీ అంతా ఆసుపత్రి మంచం మీద పోసింది. మూడు చొక్కాలు, రెండు పైజామాలు, తువ్వాలు, కళ్ళజోడు పెట్టె, పళ్ళసెట్టు వేసే మూతడబ్బా, గడ్డం గీసుకునే సామాను, మందుల చీటీ. తమ్ముడు మంచం చివర కూర్చుని, కొత్తగా ఇచ్చిన చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తమాషా చూస్తున్నాడు.

"ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవి పిల్లలు పెట్టవే అక్కా," అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో. పోయిన నెల నీ కళ్ళజోడు ఎక్కడ దొరికిందో గుర్తుందా? పిండిడబ్బాలో."

"దానికి ఆకలేసి ఉంటుంది."

పక్కమంచం ఆయన దగ్గుతూ నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆమె సర్దిన సంచులు పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ వెనక్కి రాలేదు. తొమ్మిదేళ్ళప్పుడు అమ్మకి సర్దింది, ఊపిరితిత్తుల ఆసుపత్రికి. నలభై దాటాక మొగుడికి సర్దింది, పనిమీద మూడురోజుల ప్రయాణానికి. ఇంటికి వెళ్ళడానికి సర్దుతున్న సంచి ఇదొక్కటే. మళ్ళీ మళ్ళీ సర్దుతున్నది అందుకే. మంచి జరిగేటప్పుడు ఎలా ఉండాలో ఆమెకి అలవాటు లేదు.

తమ్ముడికి డెబ్భై ఒకటి. ముప్ఫై నాలుగేళ్ళు రైలుగేటు దగ్గర పనిచేసి దిగాడు. వీధి వీధంతా అతన్ని గేటయ్య అంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదయ్యా అంటే, "గేటు వేసే ఉందని అందరూ చుట్టూ తిరిగి వెళ్ళిపోయారు," అనేవాడు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. అక్క ఎత్తుకు పెంచింది. మొగుడు పోయాక ఆమే తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అప్పటినుంచీ ఇద్దరూ ఒకే గూట్లో ఉన్నారు. మేడమీద రెండు గదులు, వంటిల్లు, జారుడు బండల స్నానాలగది. ఆ స్నానాలగదిలోనే పద్దెనిమిది రోజుల కిందట వాడు పడ్డాడు. తుంటి ఎముక చిట్లింది. ఆపరేషన్ చేసి ఎముక అతికారు గానీ, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడి మతిమరుపు కూడా బయటపడింది. ఇవాళ ఏ వారమో చెప్పమంటే, "జీతం అందని వారం," అన్నాడు. డాక్టరమ్మ నవ్వకుండా రాసుకుంది.

కసరత్తులు నేర్పే అమ్మాయి ఓ అట్టపెట్టె పట్టుకొచ్చింది. అందులో టీవీ మీద పెట్టే చిన్న కెమెరా, ఒక డబ్బా, నాలుగు రంగుల గళ్ళున్న రబ్బరు చాప.

"తాతగారూ, ఇవి ఆటలు. ఇంట్లోనే టీవీకి తగిలించి రోజూ అరగంట ఆడాలి. కాళ్ళకి బలం, బుర్రకి పదును."

"ఇప్పుడు దానికి పదును పెట్టి ఏం కొయ్యాలి తల్లీ?"

అమ్మాయి పకపకా నవ్వింది. ఆమె వెనకే వచ్చిన డాక్టరమ్మ మాత్రం అక్కని కిటికీ పక్కకి పిలిచింది.

"చూడమ్మా, ఆరు వారాలు టైమిస్తున్నాం. మార్కులు వారం వారం మాకే వచ్చేస్తాయి. నూటికి అరవై దాటితే ఇంట్లోనే ఉండొచ్చు. దాటకపోతే కష్టం. మీకు డెబ్భై ఆరు. ఈయన మళ్ళీ పడితే మీరు లేపగలరా?"

"లేపుతాను."

"మొన్న లేపారా?"

మొన్న కిందింటి ఆవిడా ఇద్దరు దారిన పోయేవాళ్ళూ కలిసి లేపారు.

"అప్పుడు వెనక భవనం గురించి ఆలోచిద్దాం," అంది డాక్టరమ్మ, మెత్తగానే.

వెనక భవనం ఆ కిటికీలోంచే కనిపిస్తుంది. ఇంట్లో ఉండే వీల్లేదని తేలిన ముసలివాళ్ళని ఉంచే చోటు. కిటికీలకి ఇనుప జల్లెడ, లోపల గోడ వారగా వరసగా కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. పద్దెనిమిది రోజుల్లో అటు వెళ్ళేవాళ్ళని అక్క ఏడుగురిని చూసింది. ఇటు వచ్చేవాళ్ళని చూడలేదు. వార్డులో ఆయాలు గొంతు తగ్గించి, "ఫలానా మంచాన్ని వెనక్కి పంపేశారు," అనుకునేవాళ్ళు.

అక్క సంచి మూతి గట్టిగా బిగించి కట్టింది.

*

ఆటలు మూడు. మొదటిది బొమ్మలాట. తెరమీద వరసగా వచ్చిన బొమ్మల్ని అదే వరసలో మళ్ళీ చెప్పాలి. రెండోది కొంగాట. కొంగలాగా ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడాలి.

"ఇది వీడికి బాగా వచ్చమ్మా," అంది అక్క కసరత్తుల అమ్మాయితో, పరికరాలు బిగించడానికి ఆమె ఇంటికి వచ్చినప్పుడు. "పుట్టినప్పటినుంచీ నామీద ఒంటికాలి మీదే లేస్తాడు."

మూడోది దీపాలాట. తెరమీద పచ్చదీపం పడితే చాప మీద ముందు గడిలోకి అడుగు వెయ్యాలి. ఎర్రదీపం పడితే కదలకుండా ఉండాలి. మొత్తం నూరు మార్కుల్లో అరవై దీనికే. మొదటి రెండూ ఎంత బాగా ఆడినా నలభైకి మించవు.

చాపమీద తమ్ముడు అడుగేస్తే కింద కప్పు అదిరేది. కిందింట్లో బట్టలు కుట్టే ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

"ఏంటి వదినా, ఏనుగుని తెచ్చుకున్నారా? నా మిషన్ మీద సున్నం రాలుతోంది."

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి మొహం వేలాడేసుకుని, "దగ్గరికి రాకు చెల్లెమ్మా. మా ఇంట్లో ఆటలమ్మ పోసింది," అన్నాడు.

ఆవిడ చటుక్కున చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నాలుగు మెట్లు దిగిపోయింది. ఈ వయసులో అమ్మవారేమిటి, ఒంటినిండా పొక్కులు లేచాయా అని అక్కణ్ణుంచే కేకలు. అసలు సంగతి తెలిశాక తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆనాటినుంచీ కసరత్తుల అమ్మాయికి ఆటలమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

ఆ నవ్వులన్నీ మొదటి వారానికే సరి. వారాంతంలో తెరమీద అంకె కనబడింది. ఇరవై ఆరు. రెండోవారం ఇరవై ఎనిమిది. బొమ్మలాటా కొంగాటా తెచ్చిన మార్కులే అవి. దీపాలాటలో సున్నా.

వాడికి అడుగు వెయ్యడం రాక కాదు. పచ్చదీపం పడగానే ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయేవాడు. ఎర్రదీపం పడగానే నింపాదిగా ముందుకి నడిచేవాడు. ఒక్కసారి కూడా పొరపాటున సరిగ్గా ఆడలేదు.

అక్క బళ్ళో చదువుకున్న మనిషి కాదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని సొంతంగా నేర్చుకుంది. ఆటతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని మూడుసార్లు చదివింది, వేలు పెట్టి. ఎర్ర పడితే ఆగండి, పచ్చ పడితే కదలండి అని ఒకే ఒక్క ముక్క ఉంది. ఎందుకని లేదు. ఎందుకని ఎవరైనా అడుగుతారని రాసినవాళ్ళకి తోచి ఉండదు.

మూడోవారం మొదట్లో, పచ్చదీపం పడినప్పుడు వాడి ఎడమచెయ్యి చూసింది. ఆ చెయ్యి భుజం ఎత్తున పక్కకి చాచి ఉంది, అరచెయ్యి వెనక్కి తిప్పి. ఆ చెయ్యి ఆమెకి తెలుసు. అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళిన రోజుల్లో ఎన్ని వందలసార్లు చూసిందో. చక్రం తిప్పి గేటు దించేవాడు. గేటు పూర్తిగా పడ్డాకే రైలుకి పచ్చదీపం వెలిగేది. వెలిగాక, గేటు కిందనుంచి దూరబోయే బడిపిల్లల్ని ఆ చేత్తో ఆపేవాడు. బండి వెళ్ళిపోయి దీపం మళ్ళీ ఎర్రబడితేనే గేటు ఎత్తేవాడు. అందరికీ పచ్చ అంటే నడవడం. వాడికి పచ్చ అంటే ఎవరి కాలూ పట్టాల మీద ఉండకూడదు.

అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా, ఇది రోగం కాదు కదా! వెంటనే ఆటలమ్మకి ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"అయ్యో, ఎంత బాగుందో అమ్మమ్మగారూ!" అంది ఆ అమ్మాయి. "కానీ రంగులు మార్చడం మన చేతిలో లేదు. డాక్టరమ్మకి రాసి అడుగుతాను, సరేనా?"

రెండురోజులకి జవాబొచ్చింది. పాత అలవాటుని మనిషి ఆపుకోగలడా లేడా అన్నదే ఆ ఆటలో పరీక్షట. కాబట్టి మార్పేమీ ఉండదట.

సరే, నేనే నేర్పుతానని చెంగు దోపింది అక్క.

"పచ్చ పడింది. అడుగెయ్యరా!"

"పచ్చ పడితే ఎవరైనా అడుగేస్తారా? బండొస్తుంటే!"

"బండెక్కడుందిరా, ఇది టీవీ!"

"టీవీ అని బండికి తెలుసా?"

"ఒరేయ్, నాకోసం ఒక్క అడుగు."

"నీకోసమే వెయ్యట్లేదే." అప్పుడు వాడి మొహంలో వేళాకోళం లేదు. "ముప్ఫై నాలుగేళ్ళు. ఒక్క మేక కూడా చావలేదు నా గేట్లో. ఇప్పుడు మార్కులిస్తారని పట్టాల మీదికి నడవమంటావా?"

అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? వాడు చేస్తున్నది తప్పు కాదు. అదే వచ్చిన చిక్కు. ఆ మూడోవారం ఇరవై అయిదు.

నాలుగోవారం మొదటి రోజున మాట తనంతట తనే నోట్లోకి వచ్చేసింది.

"నువ్వు గేటు దగ్గర లేవురా. నువ్వే బండివి."

తమ్ముడు తెర వదిలి ఆమెవైపు తిరిగాడు.

"ఏ బండి?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే కుదరదు. పేరూ ఊరూ లేని బండిని ఎవరు వదుల్తారు?"

"పొద్దుటి ప్యాసింజరు."

"అది ఏనాడూ టైముకి రాదు."

"అయితే నీకు అచ్చంగా సరిపోయింది."

వాడు భళ్ళున నవ్వాడు. తెరమీద పచ్చదీపం పడింది. వాడు పెదాలు సున్నాలా చుట్టి సన్నగా కూత పెట్టి, అడుగు వేశాడు. ఎర్ర పడింది. గట్టిగా ఊపిరి వదిలి ఆగాడు. పచ్చ. కూత, అడుగు. చేతికర్ర అక్కర్లేకుండా గదంతా నిండిపోయినట్టు నిలబడ్డాడు. అరవైకి నలభై ఒకటి వచ్చాయి. కింద సున్నం రాలిందేమో, కర్రతో కప్పు పొడుస్తూ, "మీ బండి ఏ టైముకి బయల్దేరుతుందో ముందే చెప్పి చావండి!" అని కేక వినిపించింది.

నాలుగోవారం అరవై మూడు. అయిదోవారం డెబ్భై. అక్క చాలాకాలానికి కడుపునిండా తిని పడుకుంది. రోజూ ఆట మొదలుపెట్టేముందు ఆమె ఒక్కమాట అనాలి, బండీ అని. అది అనకపోతే వాడి చెయ్యి మళ్ళీ పక్కకి లేచేది.

ఒకనాడు పొద్దున తమ్ముడు గ్లాసెడు నీళ్ళు తాగి, "ఇంజను నీళ్ళు పట్టుకుంది," అన్నాడు. అక్క నవ్వింది. ఇంకోనాడు స్నానాలగది గుమ్మం ముందు నిలబడిపోయాడు.

"ఏంట్రా?"

"సిగ్నల్ ఇవ్వలేదు."

దానికీ నవ్వి, కూరగాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది. తరగడం పూర్తయి తిరిగి వచ్చేసరికి వాడింకా అక్కడే ఉన్నాడు. పైజామా తడిసి కాళ్ళకి అంటుకుంది. కాళ్ళ చుట్టూ మడుగు.

అక్క వాడి పక్కకి వచ్చి నిలబడింది. "పచ్చ," అంది.

వాడు లోపలికి నడిచాడు.

బట్టలు మార్పిస్తుంటే, "నిన్ను నవ్విద్దామని నిలబడ్డానే. ఈలోగా అయిపోయింది," అన్నాడు. కళ్ళలోకి మాత్రం చూడలేదు. సిగ్గుపడి చూడలేదా, మరోటా? ఆమె పైజామా ఉతికి, కిందింటి ఆవిడ కంట పడకుండా గదిలోనే తాడు కట్టి ఆరేసింది. ఎవరితోనూ చెప్పలేదు. అడిగితే వాడేం చెబుతాడో అన్న భయానికి వాడినీ మళ్ళీ అడగలేదు.

*

ఆరోవారం ఆఖరి ఆట ఆసుపత్రిలో ఆడించారు, డాక్టరమ్మ ఎదుట. తెల్లటి గది, పెద్ద తెర, నేలకి అదే రంగుల చాప. ఆటలమ్మ అక్క భుజం మీద చెయ్యి వేసి, "మీరు ఇక్కడ కూర్చోండి అమ్మమ్మగారూ. ఆట అయ్యేదాకా మాట్లాడకూడదు. భయం లేదులెండి, తాతగారికి డెబ్భై వచ్చాయి కదా," అంది.

బొమ్మలాట బాగానే అయింది. కొంగాటలో ఏడు అంకెలదాకా నిలబడ్డాడు. తర్వాత దీపాలు.

పచ్చ పడింది. తమ్ముడు కదల్లేదు. మెల్లగా ఎడమచెయ్యి పక్కకి లేచింది. ఎర్ర పడింది. అడుగు వేశాడు. మళ్ళీ పచ్చ. మళ్ళీ చెయ్యి.

అక్క పెదాలు కొరుక్కుంది. ఒళ్ళో రెండు చేతులూ నలుపుకుంది. మూడోసారి పచ్చ పడేసరికి ఇక ఆగలేకపోయింది.

"బండీ," అంది.

వాడు కూత పెట్టి కదిలాడు. అక్కణ్ణుంచి ఒక్క తప్పు లేదు. చివరిదాకా ఆడి, మొహం విచ్చుకుని, మెచ్చుకోమన్నట్టు అందరివైపూ తిరిగాడు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కూత ఎందుకు పెట్టారండీ?"

"కూత పెట్టకుండా బండి కదిలితే ఉద్యోగం ఊడుతుందమ్మా."

"ఏ బండి?"

"పొద్దుటి ప్యాసింజరు."

"అది ఎక్కడుంది?"

తమ్ముడు తన గుండెమీద వేలు పెట్టుకుని చూపించాడు. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కావచ్చు. పళ్ళసెట్టు వదులై కావచ్చు.

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. అక్క లేచి నిలబడింది. "వేళాకోళం డాక్టరమ్మా! నేనే అలా అనుకోమన్నాను. వాడికి పచ్చ అంటే ఆగడం. అందుకని..."

"అంటే ఇంట్లో వచ్చిన మార్కులన్నీ మీరు పక్కనుండి చెబితే వచ్చినవేనా?"

ఆటలమ్మ తల దించుకుంది.

"పోనీ అది వదిలేద్దాం," అంది డాక్టరమ్మ. చిరాకేం లేదు ఆమెలో. పాపం, నిద్రలేని కళ్ళు. "మార్కులు కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్నారు కదా. ఈయన నవ్వులాటకే అంటున్నారా, నిజంగానే అనుకుంటున్నారా? మీ మాటే రాస్తాను."

నవ్వులాటకే అని ఒక్క ముక్క. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ ముక్క అనేద్దామనే తమ్ముడి మొహంలోకి చూసింది. డెబ్భై ఏళ్ళుగా ఆమెకి కొట్టినపిండి ఆ మొహం. అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి, అలిగితే ముక్కు అదిరేది. ఇప్పుడు అందులో ఏమీ దొరకలేదు. వాడూ ఆమెవైపే చూస్తున్నాడు, నెమ్మదిగా, ఆమె ఏం చెబుతుందో తనకీ తెలుసుకోవాలని ఉన్నట్టు.

అక్కకి స్నానాలగది గుమ్మం గుర్తొచ్చింది. మాట గొంతులోనే ఉండిపోయింది.

"సరేనమ్మా," అని డాక్టరమ్మ రాసేసుకుంది. "పది రోజులు వెనక భవనంలో ఉంచి చూద్దాం. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

"ఇప్పుడు చెబుతాను. నవ్వులాటకే. నవ్వులాటకే డాక్టరమ్మా. చిన్నప్పటినుంచీ అంతే వాడు."

"పది రోజులేనమ్మా."

వరండాలో చక్రాల కుర్చీ కోసం ఆగినప్పుడు, అక్క వాడి ముందు వంగి, రెండు చేతులూ పట్టుకుంది.

"ఒరేయ్, నాతో చెప్పు. ఎవరికీ చెప్పను. వేళాకోళానికే అన్నావు కదూ?"

"ఏది అక్కా?"

"అదేరా, బండి."

వాడు ఆలోచించాడు. ఆమె జుట్టు చెదిరి నుదుటి మీద పడితే వెనక్కి తోశాడు. "నువ్వేగా అన్నావు," అన్నాడు.

కుర్చీ వచ్చింది. తోసే అతను, "పదండి తాతా," అన్నాడు. తమ్ముడు ఎక్కి కూర్చుని చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. వరండా మలుపు దాకా అక్క కూడా నడిచింది. ఆ తర్వాత తలుపు, లోపలికి వాళ్ళే వెళ్ళాలట.

మర్నాడు ఆటలమ్మ వచ్చి కెమెరా, డబ్బా, చాప విప్పి పెట్టెలో సర్దుకుంది. ఇంకో ముసలాయన వంతు వచ్చిందట. నన్ను క్షమించండి అమ్మమ్మగారూ అంది. నీ తప్పేముందమ్మా అంది అక్క. నిజంగానే ఆ అమ్మాయి తప్పేం లేదు. ఎవరి తప్పైతే బాగుండునో అని అక్క ఆ రోజంతా కూర్చుని వెతుక్కుంది. తిరిగి తిరిగి తెల్లగదిలో తను నోరు మెదపని ఆ కాసేపు దగ్గరికే వచ్చి ఆగింది.

వారానికి రెండుసార్లు చూడనిచ్చారు, గంటసేపు. మొదటిసారి వెళ్ళినప్పుడు వాడు గోడ వారగా మూడో కుర్చీలో ఉన్నాడు. ఇక్కడ అడుగెయ్యడానికి ఎవరూ చెప్పరే అక్కా అన్నాడు. రెండోసారి చెయ్యి పట్టుకున్నాడు గానీ మాట్లాడలేదు. పది రోజులు అయ్యాక ఇంకో పది అన్నారు. మూడోసారి, నాలుగోసారి కళ్ళు మూసుకునే ఉన్నాడు. నడవక కాళ్ళు సన్నబడ్డాయి. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది.

తమ్ముడు ఇంటికి తిరిగి రాలేదు. వెనక భవనంలో చేరిన పందొమ్మిదో రోజు, బుధవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకి పోయాడు.